నీలకురింజి కొండలు 3 మిల్లీమీటర్ల పొరల్లో: ప్రాజెక్టు డైరీ

12 ఏళ్లకోసారి నీలంగా పూసే నీలకురింజి పొద సహజంగా పెరిగే కొండలకు నేను చేసిన నమూనా ఇది. స్కేలు 1:2,50,000, అంటే నేల మీద కిలోమీటరు బల్ల మీద 4 మిల్లీమీటర్లు. పొడవు 80 సెంటీమీటర్లు, వెడల్పు 74. పైన నీలగిరులు, కింద ఆనైమలై, మున్నార్, పళని కొండలు, మధ్యలో ఆ రెంటినీ విడదీసే పల్లం, పాలక్కాడ్ కనుమ. మొత్తం 11 వారాంతాలు పట్టింది. అందులో నాలుగు, చేసిన పని చెడిపోయి మళ్లీ చేయడానికే సరిపోయాయి. ఇలాంటిది చేయాలనుకునేవాళ్లకు ఆ నాలుగైనా మిగలాలని రాస్తున్నాను.

మాది మదనపల్లె, ఉద్యోగం కోయంబత్తూరులో. నమూనా వెళ్లేది మా అక్క పాఠాలు చెప్పే బడికి. అక్క పెట్టిన షరతు ఒక్కటే: పిల్లలు చేత్తో తడిమి చూసేలా ఉండాలి. అందుకే కాగితం మ్యాపుతో సరిపెట్టలేదు.

## దశ 1: రికార్డుల ఏరివేత (2 వారాంతాలు)

మొక్క శాస్త్రీయ నామం స్ట్రొబిలాంథస్ కుంథియానా. కొండల మీది షోలా అడవుల (మడతల్లో గుబురుగా పెరిగే చిన్న అడవుల) పక్కన పరుచుకుని ఉండే గడ్డి వాలుల్లో, సుమారు 1300 నుంచి 2400 మీటర్ల ఎత్తులో పెరిగే పొద. హెర్బేరియం నమూనాల (ఎండబెట్టి, చీటీ రాసి దాచిన మొక్కల) వివరాలు, జనం ఫోటోలతో ఎక్కించిన రికార్డులు జీవజాతుల రికార్డులుండే జీబిఫ్ డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను పని మొదలుపెట్టిన పట్టికలో 187 వరసలు ఉన్నాయి.

వాటిలో అక్షాంశ రేఖాంశాలు ఉన్నవాటిని మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో చుక్కలుగా వేసి, బయటి చుక్కల చుట్టూ దారం బిగించినట్టుగా ఒక బహుభుజి గీశాను. పాలక్కాడ్ కనుమ మొత్తం దాని లోపలే పడింది. పాలక్కాడ్ పట్టణం ఎత్తు 100 మీటర్లు కూడా లేదు. నేనుండే కోయంబత్తూరు 411 మీటర్లు. అదీ లోపలే. జాతి ఎంత దూరం వరకు పాకిందో లెక్క కట్టడానికి ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్ కూడా ఇలాంటి బహుభుజినే వాడుతుంది, కాబట్టి పద్ధతి తప్పు కాదు. కానీ మొక్క ఏ నేల మీద బతుకుతోందో అది చెప్పదు. ఆ గీతను పక్కన పెట్టి చుక్కలను ఒక్కొక్కటిగా చూడడం మొదలుపెట్టాను.

1. అక్షాంశ రేఖాంశాలు లేనివి 41 తీసేశాను. మిగిలినవి 146.
2. ఒకే బిందువు మీద గుట్టగా పడ్డవి 22. పాత హెర్బేరియం నమూనా చీటీ మీద జిల్లా పేరు మాత్రమే ఉంటే, తర్వాతెవరో జిల్లా మధ్య బిందువును ఇచ్చేశారు. మిగిలినవి 124.
3. ఫోటో చూస్తే వేరే జాతి అని తేలినవి 13. మిగిలినవి 111.
4. తోటల్లో నాటినవి 4. మిగిలినవి 107.

మూడో మెట్టుకే ఎక్కువ టైమ్ పట్టింది. నీలంగా పూసిన కొండ కనిపిస్తే చాలు, జనం నీలకురింజి అనేస్తారు. పశ్చిమ కనుమల్లో ఈ ప్రజాతికి చెందిన మొక్కలు చాలా ఉన్నాయి. మహారాష్ట్ర వైపు కార్వి ఉంది, స్ట్రొబిలాంథస్ కలోసా. అది 8 ఏళ్లకోసారి పూస్తుంది, మనిషిని మించి ఎదుగుతుంది. నీలకురింజికి 12 ఏళ్లు. 1838 నుంచి లెక్క ఉంది. ఈ మధ్యవి తీసుకుంటే 1982, 1994, 2006, 2018. కొండంతా విరగబూసిందని రాసి, తేదీ ఈ వరసలో లేకపోతే ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను. కొన్ని చోట్ల కొన్ని మొక్కలు వరస తప్పి కూడా పూస్తాయి, అందుకని తేదీ ఒక్కటే చూసి ఏదీ కొట్టేయలేదు. అది ‘ఇక్కడ ఆగి చూడు’ అనే గుర్తు మాత్రమే.

తర్వాత ఎత్తు పరీక్ష. ప్రతి చుక్క కింద నేల ఎత్తు ఎంతో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా (ఎస్‌ఆర్‌టీఎమ్, 30 మీటర్ల గడులది) నుంచి తీశాను. 107లో 31 చుక్కలు 1300 మీటర్లకు కింద పడ్డాయి. కొన్నయితే 500 మీటర్ల దగ్గర. మొదట మొక్క గురించి చదివిందే తప్పేమో అనుకున్నాను. తప్పు అంకెల్లో ఉంది. అక్షాంశాన్ని రెండు దశాంశాలకు కుదిస్తే చుక్క అర కిలోమీటరు దాకా పక్కకు జరగొచ్చు. పాత చీటీల్లోలాగా డిగ్రీలు, నిమిషాల్లో ఉంటే ఒక్క నిమిషమే 1.85 కిలోమీటర్లు. మైదానంలో ఆ తేడా ఎవరికీ పట్టదు. కొడైకెనాల్ దక్షిణ అంచు లాంటి చోట మాత్రం ఆ కిలోమీటరులోనే కొండ వందల మీటర్లు దిగిపోతుంది. పైన గడ్డి మీదుండాల్సిన చుక్క లోయలో పడుతుంది.

5. చీటీ మీది ఊరు పేరు, ఎత్తు, దారి వివరం చదివి 20 చుక్కలను సరిచేశాను. సరిచేయలేనివి 11 తీసేశాను. మిగిలినవి 96.
6. ఒకే కిలోమీటరు గడిలో రెండోసారి, మూడోసారి వచ్చినవి 33. మిగిలినవి 63.

ఈ 63ను చూస్తున్నప్పుడు ఇంకో విషయం బయటపడింది. ఫోటో రికార్డుల్లో ఎక్కువ భాగం 2018వే, అవీ రోడ్ల పక్కనే. ఎరవికుళం జాతీయ పార్కులో సందర్శకులను రానిచ్చే రాజమల వైపు చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. లోపలి కొండల మీద పలచగా ఉన్నాయి. అక్కడ మొక్క తక్కువని కాదు, అక్కడికి ఫోన్ పట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. పైగా పూయని 11 ఏళ్లూ ఇది మామూలు పచ్చ పొదే, ఆగి ఫోటో తీసేవాళ్లుండరు. అందుకే చుక్కలు ఎంత ఒత్తుగా ఉన్నాయన్నది నమూనాలో చూపించలేదు. కిలోమీటరుకు ఒక్కటే చుక్క.

మొత్తం ఇప్పటికి: 63 చుక్కలు, 11 గంటలు, ఖర్చు 0.

## దశ 2: సమోన్నత రేఖలు, ప్రింటు (2 వారాంతాలు)

సమోన్నత రేఖ అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత. ఆ గీత వెంట కోసిన బోర్డే నమూనాలో ఒక పొర. ఎత్తుల డేటా ఒక డిగ్రీ పలకలుగా వస్తుంది. అక్షాంశం 9, 10, 11, రేఖాంశం 76, 77 కలిపి ఆరు పలకలు తెచ్చి అతికించాను.

మొదటి పొరపాటు: కొలతలన్నీ డిగ్రీల్లోనే ఉంచేశాను. చుక్క చుట్టూ 500 మీటర్ల వలయం గీద్దామని 500 అని కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని 500 డిగ్రీలుగా తీసుకుంది. స్క్రీను నిండిపోయింది. డేటా మొత్తాన్ని యూటీఎమ్ (భూమిని నిలువు జోన్లుగా చీల్చి మీటర్లలో కొలిచే పద్ధతి) 43 ఉత్తర జోన్‌కు మార్చాక లెక్కలు మీటర్లలోకి వచ్చాయి. ఈ పని మొదటి రోజే చేయాలి.

రెండోది: 30 మీటర్ల డేటా నుంచి రేఖలు గీస్తే ప్రతి గడీ కాగితం మీద 0.12 మిల్లీమీటర్లు వచ్చింది. రేఖ రంపం పళ్లలా తయారైంది. కటర్‌తో దాన్ని అనుసరించడం ఎవరివల్లా కాదు. గడిని 250 మీటర్లకు, అంటే కాగితం మీద 1 మిల్లీమీటరుకు, పెంచాక రేఖ నునుపైంది. ఆ తర్వాత 4 మిల్లీమీటర్ల చదరం కన్నా చిన్న ముక్కలన్నిటినీ తీసేయమన్నాను. అది నేల మీద ఒక చదరపు కిలోమీటరు. ఇక్కడే దెబ్బ తగిలింది. 1300 మీటర్ల పైన విడిగా నిలబడ్డ చిన్న శిఖరాలు కొన్ని ఆ ఏరివేతలో పోయాయి, వాటి మీద చుక్కలు కూడా ఉన్నాయి. ఈ మొక్కకు కావలసింది సరిగ్గా అలాంటి చోట్లే. కాబట్టి 1300 లోపు పొరల్లో మాత్రమే చిన్న ముక్కలు తీసేసి, పైన ఏదీ ముట్టుకోలేదు.

మూడోది ప్రింటు. ఒక పొరకు ఏ4 కాగితాలు 12: నాలుగు నిలువు వరసలు, ఒక్కో దాంట్లో మూడు. షాపులో తీయించి అతికిస్తే అంచులు కలవలేదు. ప్రతి కాగితం మీద 20 కిలోమీటర్ల కొలబద్ద వేసుకున్నాను కాబట్టి సరిపోయింది. అది 80 మిల్లీమీటర్లు రావాలి, 77.5 వచ్చింది. ప్రింటరు పేజీకి సరిపడేలా కుదించింది. సెట్టింగు 100 శాతానికి మార్చి మళ్లీ తీయించాను.

మొత్తం ఇప్పటికి: పాడైన 12 కాగితాలు, పనికొచ్చినవి 74. ఖర్చు ₹430. గంటలు 21.

## దశ 3: కోత (2 వారాంతాలు)

సామాను: 3 మిల్లీమీటర్ల సన్ బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక), 8 అడుగులు × 4 అడుగులవి మూడు. కొస విరిచే బ్లేడు కటర్. స్టీలు స్కేలు. మందం కొలిచే వెర్నియర్. థర్మాకోల్ వద్దనుకున్నాను, పిల్లల వేళ్లకు పొడి పొడిగా రాలిపోతుంది.

200 మీటర్లకు ఒక పొర అనుకుని 200, 400, 600, 800 కోసేశాను. 1000కి వస్తుంటే లెక్క తట్టింది. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన గీత 1300. అది 1200 పొరకు, 1400 పొరకు మధ్యలో ఇరుక్కుంటుంది. మొక్క ఎక్కడ మొదలవుతుందో పిల్లల వేలికి తగలదు. 100 మీటర్లకు ఒక పొర వేస్తే పని రెండింతలు. చివరికి మెట్టు 200 అలాగే ఉంచి, మొదలును 100కి జరిపాను. 100, 300, 500 అంటూ పోతే 1300 సరిగ్గా ఏడో పొర. మొత్తం 13 పొరలే, ఆఖరిది 2500.

కోసిన నాలుగూ పారేయాల్సి వస్తుందని దిగులు పడ్డాను. ఆ అవసరం రాలేదు. ఎక్కువ ఎత్తు రేఖ ఎప్పుడూ తక్కువ ఎత్తు రేఖ లోపలే ఉంటుంది. 200 పొర అంచు ఇంకాస్త చెక్కితే 300 అయింది, 400 పొర 500 అయింది. కొత్తగా కోయాల్సింది 100 ఒక్కటే. పోయింది వారాంతం.

కోసే తీరు:

1. కాగితాన్ని బోర్డు మీద పలచని జిగురుతో అంటించాలి, తర్వాత ఊడిరావాలి.
2. మొదటి కోత లోతుకు వెళ్లకూడదు, గీత పడితే చాలు. మూడో కోతకు తెగాలి.
3. వంపు దగ్గర బ్లేడు కాదు, బోర్డు తిప్పాలి.
4. ఒక్కో పొరకు కొత్త కొస. మొద్దుబారిన కొస అంచును చింపుతుంది.

500 పొర కోత పూర్తయి బోర్డు ఎత్తితే రెండు ముక్కలుగా చేతికొచ్చింది. అంతవరకూ ఒకటే పలక. ఇక అక్కడి నుంచి నీలగిరుల ముక్క వేరు, ఆనైమలై–పళని ముక్క వేరు. పుస్తకాల్లో పాలక్కాడ్ కనుమ ఇరుకైన చోట 30 కిలోమీటర్లని చదివాను. బల్ల మీద అది 12 సెంటీమీటర్లు, బెత్తెడున్నర. ఆ బెత్తెడున్నర ఖాళీకి అటూ ఇటూ ఉన్నది ఒకే మొక్క. నీలకురింజి కాయ ఎండి పగిలి విత్తనాలను చిమ్ముతుంది, అవి తల్లి చుట్టుపక్కలే పడతాయి. పూసి, విత్తనమై, చచ్చిపోయే మొక్క. 12 ఏళ్లకు ఒక్క అడుగు వేసే ప్రయాణం అది. ఆ రెండు ముక్కలను రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాను. స్వస్థలం అనే మాటకు మ్యాపు మీది రంగుకన్నా ఇదే నాకు దగ్గరగా అనిపించింది.

మొత్తం ఇప్పటికి: బోర్డులు ₹3,000, బ్లేడ్లు ₹120. అన్నీ కలిపి ₹3,550. గంటలు 43.

## దశ 4: అతికింపు (2 వారాంతాలు)

చెక్కకు వాడే తెల్ల జిగురు పూసి ఐదు పొరలు పేర్చి, పైన బరువు పెట్టి రెండు రోజులు వదిలేశాను. అంచుల్లో ఆరింది. మధ్యలో పాలలా తడిగానే ఉంది, పొరలు జారిపోయాయి. అది ఆరాలంటే నీరు బయటకు పోవాలి. ప్లాస్టిక్ బోర్డుల మధ్య నుంచి ఎక్కడికి పోతుంది? అన్నీ విప్పి తుడిచి రబ్బరు జిగురుకు మారాను. రెండు వైపులా పలచగా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, నొక్కాలి. కిటికీలు తెరిచి పెట్టి చేయండి, వాసన ఘాటు.

రబ్బరు జిగురుతో చిక్కేమిటంటే తాకిందంటే ఇక కదలదు. అందుకని వెదురు పుల్లలతో గురుతులు పెట్టుకున్నాను. రెండు ముక్కలకూ విడివిడిగా రెండేసి రంధ్రాలు. నీలగిరుల్లో ఒకటి దొడ్డబెట్ట మీద, దక్షిణాన ఒకటి ఆనముడి మీద. పొరను పుల్లల మీదుగా దించి, తర్వాత ఒక అంచు నుంచి రెండో అంచుకు నొక్కుకుంటూ పోవాలి.

ఎత్తు కొలిచాను. 13 పొరలకు 39 మిల్లీమీటర్లు రావాలి. 37.7 వచ్చింది. షాపులో 3 అన్న బోర్డు వెర్నియర్‌కు 2.8 చూపింది, జిగురుతో కలిపి 2.9. అంటే 200 మీటర్ల ఎత్తుకు 2.9 మిల్లీమీటర్లు. అడ్డం స్కేలుతో పోలిస్తే నిలువు 3.6 రెట్లు ఎక్కువ. పక్కన చీటీ మీద ఇది రాశాను. రాయకపోతే కొండలు నిజంగా ఇంత నిటారుగా ఉంటాయని పిల్లలు నమ్ముతారు.

మొత్తం ఇప్పటికి: తెల్ల జిగురు ₹160 (వృథా), రబ్బరు జిగురు ₹460, కింద ప్లైవుడ్ ₹650. అన్నీ కలిపి ₹4,820. గంటలు 55.

## దశ 5: రంగు, పిన్నులు (2 వారాంతాలు)

1300 పొర నుంచి పైకి అంతా ఊదా రంగు వేశాను. చూడడానికి చాలా బాగుంది. మర్నాడు పొద్దున చూస్తే అది అబద్ధంలా అనిపించింది. ఆ ఊదాలో ఊటీ ఊరు ఉంది, కూనూరు టీ తోటలున్నాయి, 19వ శతాబ్దం నుంచి నాటుతూ వచ్చిన నీలగిరి (యూకలిప్టస్) చెట్లు, తుమ్మ జాతికి చెందిన వాటిల్ తోపులు ఉన్నాయి. షోలా అడవులూ ఉన్నాయి. కురింజికి కావలసింది అడవి కాదు, వాటి మధ్య ఎండ తగిలే గడ్డి వాలు. ఎత్తు సరిపోయినంత మాత్రాన అక్కడ మొక్క ఉన్నట్టు కాదు.

తెల్ల కోటింగు వేసి మళ్లీ మొదలుపెట్టాను. 1300 లోపు మట్టి రంగు. 1300 నుంచి 2300 పొర వరకు లేత పచ్చ. 2500 పొర, అంటే 2695 మీటర్ల ఆనముడి, 2637 మీటర్ల దొడ్డబెట్ట లాంటి కొనలు, తెల్లగానే వదిలేశాను. ఊదా రంగు 63 గుండుసూదుల తలలకు మాత్రమే. సూది తల 3 మిల్లీమీటర్లు, నేల మీద 750 మీటర్లు. నా చుక్కల ఖచ్చితత్వం కిలోమీటరు దగ్గర ఉంది కాబట్టి ఇంతకన్నా సన్నని సూది పెడితే లేని కచ్చితత్వం ఉన్నట్టు చూపించినట్టవుతుంది.

రెండు హద్దులు దారంతో పెట్టాను. ఎరవికుళం పార్కు 97 చదరపు కిలోమీటర్లు, నమూనాలో దాదాపు అగ్గిపెట్టె అంత. ఈ మొక్క కోసమే 2006లో ఇడుక్కి జిల్లాలో ప్రకటించిన కురింజిమల అభయారణ్యం 32 చదరపు కిలోమీటర్లు. అది తపాలా బిళ్లంత. దారం బిగించి ముడి వేస్తుంటే వేలి కిందే మాయమైంది.

మొత్తం ఇప్పటికి: రంగులు ₹380, సూదులు ₹90. అన్నీ కలిపి ₹5,290. గంటలు 65.

## దశ 6: విడిపోయిన ముక్క (1 వారాంతం)

అయిపోయిందనుకుని అక్కకు ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

“ఒరే, బాగుందిరా. మన హార్స్‌లీ కొండ మీద కూడా ఉందేమో చూసినావా? పిల్లోళ్లు మొదట అడిగేది అదే.”

“లేదక్కా.”

“లేదంటే, చూసి లేదంటావా, చూడకుండా లేదంటావా?”

చూడలేదు. ఆ రాత్రే కూర్చున్నాను. హార్స్‌లీ కొండ 1300 గీతకు కాస్త కిందే ఆగిపోతుంది. కానీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జింధగడ శిఖరం 1690 మీటర్లు. ఎత్తు ఒక్కటే కొలబద్ద అనుకుంటే అక్కడ కూడా ఊదా రంగు వేయాలి. అక్కడ నీలకురింజి లేదు. మొక్క తనంతట తాను చేరి, తరాలుగా నిలబడ్డ చోటే దాని స్వస్థలం. బతకగలిగే చోటల్లా కాదు.

అదే వెతుకులాటలో నేను వదిలేసింది బయటపడింది. 2024లో ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో నీలకురింజిని ‘వల్నరబుల్’, అంటే అంతరించిపోయే ముప్పు ఎక్కువగా ఉన్న జాతిగా చేర్చారు. ఆ మదింపులో 34 చోట్ల సమూహాలున్నాయని లెక్క. 33 పశ్చిమ కనుమల్లో, ఒక్కటి తూర్పు కనుమల్లో, సేలం దగ్గర ఏర్కాడు ఉన్న షెవరాయ్ కొండల్లో. నా నమూనా తూర్పు అంచు 77.9 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. ఏర్కాడు 78.2 దగ్గర ఉంది. మ్యాపు చట్రం ముందే గీసుకుని చుక్కలను అందులో ఏరుకున్నాను. మీరు చేస్తే ముందు చుక్కలు, తర్వాత చట్రం.

చేసిన సవరణ:

1. అక్షాంశం 11, రేఖాంశం 78 పలక తెచ్చాను.
2. 78 డిగ్రీలు దాటితే యూటీఎమ్ 44 జోన్. రెండు జోన్లు కలపకుండా ఈ ముక్కను కూడా 43లోనే ఉంచాను. ఇంత కొద్ది దూరానికి వచ్చే వంకర కటర్ గీతకన్నా చిన్నది.
3. మిగిలిన బోర్డు తుంటలతో షెవరాయ్ కొండలు కోశాను. 1300, 1500 పొరలు అరచేతిలో ఇమిడిపోయాయి.
4. నీలగిరుల్లోని కోటగిరి నుంచి ఏర్కాడుకు సరళరేఖ దూరం దాదాపు 150 కిలోమీటర్లు. బల్ల మీద 60 సెంటీమీటర్లు. పక్కన చిన్న డబ్బాలో పెట్టి ‘ఇది కూడా’ అని రాయడం నాకు నచ్చలేదు. ప్లైవుడ్ పట్టీ ఒకటి స్క్రూలతో బిగించి, అంత దూరంలోనే నిలబెట్టాను.

నమూనా ఇప్పుడు గుమ్మంలో పట్టడం లేదు. పట్టీని రెండు స్క్రూలతో విప్పేలా మార్చాను.

మొత్తం: 64 చుక్కలు, ₹5,430, 70 గంటలు.

పిన్నులకు జిగురు పెట్టలేదు. నీలకురింజి మళ్లీ 2030లో పూయాలి. అప్పుడు రోడ్లకు దూరంగా ఉన్న కొండల నుంచి కూడా రికార్డులు వస్తాయి, నా 64లో కొన్ని తప్పని కూడా తేలతాయి. ఊదా రంగు వేసిన సూదులు ఇంకో 40 చిన్న సీసాలో పోసి, ప్లైవుడ్ అడుగున టేపుతో అంటించాను.